గరిక కామందులు

అమెరికాలో లాన్ల విస్తీర్ణం ఎంతో 2005లో నాసా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఇళ్ళ ముందువి, పార్కులవి, గోల్ఫ్ మైదానాలవి అన్నీ కలిపితే సుమారు 1,63,800 చదరపు కిలోమీటర్లు తేలింది. మన ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం 1,62,970. అంటే ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఊళ్ళు, చెరువులు, కొండలు, కలెక్టరాఫీసులు అన్నీ ఎత్తి సముద్రంలో పోసి, మిగిలిన నేలంతా గడ్డి పరిస్తే ఎంతవుతుందో అంత. ఆ దేశంలో నీళ్ళు పెట్టి పండించే మొక్కజొన్న కన్నా ఇది మూడు రెట్లు. ఈ పంటకి కోతలున్నాయి, కుప్పలు లేవు. ఎరువుంది, గింజ లేదు. ఇక గేదె సంగతి సరేసరి, దాన్ని వీధి మొగలోకి కూడా రానివ్వరు.

ఇంత పెద్ద గడ్డిరాష్ట్రంలో మనవాళ్ళకూ ఓ తాలూకా దక్కింది. డాలస్‌కి ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా. ఏ వీధిలో కారాపినా రెండు మూడు గుమ్మాలకి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, దాని ముందు జానెడు లాన్ కనబడతాయి. పల్నాడులో తాతగారి ఆరెకరాల నల్లరేగడి అమ్మి ఎమ్మెస్‌కి విమానమెక్కిన మనవాడు, పదిహేనేళ్ళు కోడు రాసి, ముప్పయ్యేళ్ళ అప్పు తలకెత్తుకుని, చివరికి కొన్నదీ నల్లరేగడే. ఉత్త మాట కాదు, నిజంగానే రేగడి. టెక్సాస్‌లో బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అనే ఆ నేల ఒకప్పుడు పత్తి పండిన నేల. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వాన పడితే ఉబ్బుతుంది, ఉబ్బి ఇంటి పునాదినే కదిలిస్తుంది. గోడలు బీటలు వారకుండా జనం పునాది చుట్టూ గొట్టాలు పరిచి తడి పెడతారు. చేనుకి తడి పెట్టినవాళ్ళని చూశాం, ఇంటికి తడి పెట్టే రైతుని చూడాలంటే మాత్రం ఫ్రిస్కో వెళ్ళాలి.

ఆ రేగడిలో మన కామందు పెంచేది బెర్ముడా గ్రాస్. శాస్త్రవేత్తలు సైనోడాన్ డాక్టిలాన్ అంటారు. పల్నాడులో ఏ రైతుకి చూపించినా పేరు చెబుతాడు, ముందో తిట్టు కలిపి చెబుతాడు: గరిక.

చేలో గరిక పడితే ఆ ఏడు సేద్యం సగం గరికతోనే. నేల మీద పాకే తీగ ఒకటి, నేల లోపల పాకే కాడ ఒకటి. గుంటక తోలితే ముక్కలవుతుంది, ముక్క ముక్కకీ వేరు పుడుతుంది. ఏటా ఎండాకాలం దుక్కి దున్నించి, వెనకాల కూలీల్ని పెట్టి గరిక వేళ్ళు ఏరించి, గట్టు మీద ఎండబెట్టి తగలబెట్టించిన తాత మనవడు, అదే గరికని చాపల్లో చుట్టించి, లారీ మీద తెప్పించి, ఇంటి ముందు పరిపించి, పైన ఎరువు చల్లి, "గ్రీన్‌గా రావట్లేదు బ్రదర్" అని దిగులు పడుతున్నాడు.

కొత్త ఇళ్ళ ముందు పరిచేది చాలావరకు సంకరజాతి. 1960లో జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లోని పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన టిఫ్‌వే 419 అలాంటిదే. మన గరికకీ, దాని ఆఫ్రికా చుట్టానికీ పుట్టిన బిడ్డ. దానికి మొలకెత్తే విత్తనం రాదు. భూమ్మీద ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చునే గడ్డిని డబ్బిచ్చి కొంటే తప్ప రాని సరుకుగా మార్చిన ఘనత మామూలుది కాదు. వినాయకచవితి వచ్చిందంటే ఇంకో తమాషా. ఇంటి ముందూ వెనకా ఐదు వేల చదరపు అడుగుల గరిక పరుచుకుని ఉండగా, యజమాని ఇండియన్ స్టోరుకెళ్ళి పత్రి పాకెట్టులో గుప్పెడు గరిక కొనుక్కొస్తాడు. వాకిట్లోది దేవుడికి పనికిరాదు. దానికి మందు కొట్టారు.

సరే, పెంచుకున్నారు. కోసుకోవడమైనా వచ్చునా?

జులై నెల, శనివారం పట్టపగలు పదకొండు గంటలు. గ్యారేజీ తలుపు పైకి లేస్తుంది. మనవాడు బయటికొస్తాడు. తలకి కంపెనీ వాళ్ళిచ్చిన టోపీ, చెవుల్లో ఇళయరాజా, మోకాళ్ళ దాకా లాగు, కాళ్ళకి హవాయి చెప్పులు. ఆయన ముందున్న యంత్రంలో బ్లేడు కొస గంటకి దగ్గరదగ్గర 300 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. గులకరాయి తగిలితే పక్కింటి కిటికీ అద్దం దాకా వెళ్తుంది, బొటనవేలు తగిలితే ఎక్కడికెళ్తుందో చెప్పలేం. పిడి మీది కడ్డీని వదిలెయ్యగానే మూడు సెకన్లలో బ్లేడు ఆగిపోవాలని అక్కడ 1982 నుంచీ నిబంధన. ఆ కడ్డీని పట్టుకుని ఉండటం విసుగని మన ఇంజనీరు దానికి ప్లాస్టిక్ పట్టీ బిగించేశాడు. ఆఫీసులో సేఫ్టీ ట్రైనింగ్ స్లైడ్లు తయారు చేసేదీ ఆయనే.

కిందటి వారం ఆఫీసులో రిలీజ్ ఉంది. అంతకు ముందు వారం ఎవరిదో గృహప్రవేశం. ఈలోగా గడ్డి ఐదంగుళాలైంది. కోతలో మనవాడిది ఒకటే సిద్ధాంతం: ఎంత కురచగా కోస్తే అన్నాళ్ళు మళ్ళీ దాని మొహం చూడక్కర్లేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న మంగలికి ఏం చెప్పేవాడో ఇప్పుడు తను మోవర్‌కి అదే చెబుతున్నాడు. చక్రాల దగ్గర ఎత్తు మార్చే మీట ఉంటుంది. దాన్ని అన్నిటికన్నా కింది గాడిలోకి నొక్కాడు. ఐదంగుళాలు ఒక్క దెబ్బకి ఒకటిన్నర అయింది. గరిక పచ్చదనమంతా పై ఆకులో ఉంటుంది, అడుగున ఉన్నది ఎండు కాడ. రెండింటికల్లా ముందువాకిలి గోధుమరంగు పట్టు పంచె కట్టింది.

ఇంతకీ గడ్డి కోతలో ఉన్న శాస్త్రమంతా రెండు ముక్కల్లో చెప్పొచ్చు. గడ్డి కొస నుంచి పెరగదు, మొదట్లోంచి పెరుగుతుంది. అందుకే పశువు కొరికినా, బ్లేడు తగిలినా చావదు. కానీ దానికి తిండి తయారయ్యేది ఆకులో. ఒక కోతలో మూడో వంతుకి మించి ఆకు పోతే, వేరు పెరుగుదల ఆపేసి, దాచుకున్నది ఖర్చుపెట్టి మళ్ళీ ఆకు వేసే పనిలో పడుతుంది. వేసవి నడుమ వేరు పెరగని గడ్డికి ఏమవుతుందో రైతు మనవడికి చెప్పాలా? రెండంగుళాల లాన్ కావాలంటే మూడంగుళాలు కాగానే కోయాలి. నీళ్ళూ ఎరువూ పడుతున్న గరిక జూన్, జులైల్లో ఐదారు రోజులకే ఆ ఎత్తుకొచ్చేస్తుంది. కనక కొంచెం కొంచెంగా, తరచు తరచుగా. పొరపాటున ఐదంగుళాలు పెరిగిపోయిందా, ఇవాళ ఒక గాడి దించి కోయాలి, మూడు నాలుగు రోజులాగి ఇంకో గాడి దించాలి. మూడు నాలుగు రోజులు ఆగడమా! ఆఫీసులో జిరా టికెట్టే అన్నాళ్ళు ఆగదు.

మనవాడికి తెలియదని కాదు, తెలిసింది ఎక్కువైంది. యూట్యూబ్‌లో ఒహాయో పెద్దమనిషి "మూడున్నర, నాలుగంగుళాలు ఉంచండి" అంటాడు. అతనిది చలిదేశపు ఫెస్క్యూ గడ్డి, అతని మాట అతనికి నిజం. పక్కవీధి తమిళాయన చెట్టు నీడన సెయింట్ ఆగస్టీన్ గడ్డి వేసి మూడంగుళాలు ఉంచుతాడు, అదీ నిజమే. ఎండలో ఒకటి రెండు అంగుళాల ఎత్తున దట్టంగా అల్లుకునేది గరిక. మనవాడు ఏప్రిల్‌లో ఒహాయో మాట విని నాలుగంగుళాలకి వదిలేస్తాడు, జులైలో విసుగెత్తి నున్నగా గొరిగేస్తాడు. గరికని నిజంగా గొరగదగ్గ రోజు ఏడాదికొకటి ఉంది. ఫిబ్రవరి ఆఖర్న, మార్చి మొదట్లో, చలినిద్ర లేచి చిగురు వెయ్యకముందు. ఎండిపోయిన పాత గడ్డి ఎత్తేస్తే నేలకి వెచ్చదనం తగిలి చిగురు తొందరగా వస్తుంది. ఆ పది రోజులూ మనవాడు టాక్సు కాగితాలు వెతుక్కుంటూ ఉంటాడు.

ఇక బ్లేడు. మోవర్‌కి బ్యాటరీ ఎంతుందో ఫోన్లో కనబడుతుంది, ఏ శనివారం ఎన్ని అడుగులు నడిచాడో చేతి గడియారంలో కనబడుతుంది. బ్లేడు పదునెంతో ఎక్కడా కనబడదు గనక అది లేనట్టే. కొన్నప్పటి పదునే మూడేళ్ళుగా నడుస్తోంది. పాతిక గంటల కోతకొకసారి బ్లేడు విప్పి సాన పట్టాలి. మొద్దుబారిన బ్లేడు కోయదు, పీకుతుంది. కోసిన మర్నాడు వంగి ఒక్క ఆకు పట్టుకుని చూడండి. కొస తిన్నగా తెగదు. పీచులు పీచులుగా చీలి, ఆ పీచులు ఎండి తెల్లగా తేలి ఉంటాయి. అలాంటి కొసలు లక్షలు కలిస్తే లాన్ అంతటి మీదా బూడిదరంగు పొర కమ్ముతుంది, చీలిన చోటల్లా తెగులుకి దారి దొరుకుతుంది. మనవాడు వంగడు. వీధిలోంచి చూసి "ఐరన్ డెఫిషియన్సీ" అని తీర్పు చెప్పి, బస్తాడు ఐరన్ తెచ్చి చల్లుతాడు. వాళ్ళ తాత కోతకి ముందురోజు ఇంట్లో ఉన్న కొడవళ్ళన్నీ కమ్మరి కొలిమికి పంపేవాడు. అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండుసార్లు వాడే ముసలాయన, కొడవలి పదును దగ్గర మాత్రం కానీ మిగల్చలేదు.

కోసిన గడ్డి ఏమవుతుంది? మోవర్ వెనక సంచిలో పడుతుంది. అక్కణ్ణించి కాగితం సంచుల్లోకి కుక్కి రోడ్డు పక్కన వరసగా నిలబెడతాడు. ఆ సంచుల్లో ఉన్నది నత్రజని. కోత ముక్కల్ని అక్కడే రాలనిస్తే, ఏడాదికి లాన్‌కి కావలసిన నత్రజనిలో పావు వంతు దాకా అవే తీరుస్తాయి. ముక్కలు చిన్నవైతే కొద్దిరోజుల్లోనే మట్టిలో కలిసిపోతాయి. మూడున్నర అంగుళాలు ఒక్కసారి నరికితే మాత్రం ముద్దలు ముద్దలుగా పడి కింది గడ్డిని కప్పేస్తాయి, అందుకని సంచి. మొదటి తప్పుకి రెండో తప్పు కాపలా. శనివారం సంచిలో పారబోసిన నత్రజనిని ఆదివారం దుకాణంలో సంచి లెక్కన కొనుక్కొస్తాడు. చల్లాక గడ్డి ఎగబెరుగుతుంది. ఎగబెరిగిందని నరుకుతాడు. నరికాక పాలిపోయిందని మళ్ళీ చల్లుతాడు. షాపువాడు ఇతన్ని చూడగానే పేరు పెట్టి పలకరించడంలో వింతేముంది?

టీవీలో క్రికెట్ మైదానం మీద చారలు చూసి అలాంటివి మన వాకిట్లోనూ కావాలని ఈ మధ్య కొందరికి కోరిక. చారలు బ్లేడు గీసేవి కావు. రోలర్ కింద ఆకు అటు వంగితే లేతగా, ఇటు వంగితే ముదురుగా కనబడుతుంది, అంతే. బిరుసు గరిక అంత తేలిగ్గా వంగదు. వంగాలని వారం వారం ఒకే బాటన మోవర్ తోలితే మిగిలేది చక్రాల గాడి. నిన్న రాత్రి వాన పడిన రేగడిలో తోలితే ఇంకా లోతు గాడి. ఓ వారం నిలువుగా, ఓ వారం అడ్డంగా, ఓ వారం మూలగా, గడ్డి ఆరాక. ఇంతకన్నా ఏమీ లేదు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, ఇంత చిన్న సంగతి మీద గంటన్నర వీడియోలున్నాయి.

1830లో ఇంగ్లండ్‌లో స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్కు, ఉన్ని బట్ట మీది నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి ఈ మోవర్‌ని తయారు చేశాడు. పల్లెల్లో ఉండే దొరలకి దీన్ని తోయడం కాలక్షేపం, ఆరోగ్యం కూడా అని పేటెంటు కాగితాల్లోనే రాసుకున్నాడు. అప్పటిదాకా దొరల పచ్చికని పొడుగు కొడవళ్ళు పట్టిన కూలీలో గొర్రెలో చూసుకునేవాళ్ళు. దొరకి పని అంటగట్టి, దాన్ని వినోదం అని నమ్మించిన మొదటి సేల్స్‌మన్ బడ్డింగే. రెండు శతాబ్దాలవుతోంది, మనవాడు ఇంకా నమ్ముతున్నాడు. "వీకెండ్ థెరపీ" అంటాడు. నూట నాలుగు డిగ్రీల ఎండలో.

ఆరు నెలల వీసా మీద వచ్చిన తండ్రి ఈ థెరపీని వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. మూడో శనివారం ఇంక ఉండబట్టలేదు.

"ఏందిరా ఇది?"

"గ్రాస్ నాన్నా."

"గ్రాసేందిరా, గరిక. దీంతో ఏగలేకే గదా మీ తాత దిబ్బచేను కౌలుకిచ్చింది."

"ఇది వేరు నాన్నా. బెర్ముడా."

"ఏ ముడా అయితే ఏందిలే. కోసిందంతా ఏం జేస్తావు?"

"బండొచ్చి తీసుకుపోతుంది."

"ఎంతిస్తాడు?"

"వాడివ్వడు, మనమే కట్టాలి."

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. "మరెందుకురా కోయటం?"

"కోయకపోతే నోటీసొస్తుంది నాన్నా."

"ఎవడిచ్చేది?"

"మన వెనకవీధి రావుగారే. హెచ్ఓఏ బోర్డులో ఉన్నాడు."

ఆ రావుగారి దగ్గరికే వస్తున్నాను. హెచ్ఓఏ అంటే ఇళ్ళ యజమానుల సంఘం. ఇల్లు కొన్నవాళ్ళంతా నెలనెలా చందాలు కట్టి, తమని తామే తిట్టించుకోవడానికి పెట్టుకున్న పంచాయతీ. గడ్డి ఎంతెత్తు ఉండాలి, అంచులు ఎక్కడ తెగాలి, చెత్తడబ్బా ఎన్నింటికి లోపలికెళ్ళాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. ఈ రాతలకి ఓ పూర్వీకుడున్నాడు. 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో లెవిట్ కుటుంబం వేల ఇళ్ళతో లెవిట్‌టౌన్ కట్టింది. ఆ ఇంటి పెద్ద ఏబ్రహాం లెవిట్‌కి లాన్ అంటే ప్రాణం. వారానికొకసారి గడ్డి కోసి తీరాలని ఇళ్ళ కాగితాల్లో షరతు పెట్టారు. ఆ కాగితాల్లోనే ఇంకో షరతు: తెల్లవాళ్ళు తప్ప ఇంకెవరూ ఈ ఇళ్ళలో ఉండకూడదు, పనివాళ్ళయితే పర్వాలేదు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యడానికి వీల్లేదని 1948లో సుప్రీంకోర్టు తేల్చేసింది. గడ్డి షరతుకి మాత్రం ఏ కోర్టూ అడ్డు రాలేదు. ఇప్పుడు ఫ్రిస్కోలో మన రావుగారు సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరి, ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ, సాటి తెలుగువాడి గడ్డి ఒక అంగుళం పెరిగిందని లెటరు వేస్తున్నారు. మనలాంటివాళ్ళని గేటు బయట నిలబెట్టిన కాగితానికి మనవాడు సెక్రటరీ అయ్యాడు. ఇది ప్రగతి కాదంటే ఆయన నొచ్చుకుంటారు.

కోత లేకుండా పచ్చిక నున్నగా ఉండే ఉపాయం ఒకటుంది, దానికి నాలుగు కాళ్ళు. ఆవు పచ్చికలో మేస్తుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ పొదుపునీ పనినీ గుర్తుచేస్తుంది గనక డబ్బున్నవాడు దాన్ని లాన్ మీదికి రానివ్వడని థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే తన పుస్తకంలో ఎత్తిపొడిచాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కి ఆ నామోషీ అనిపించలేదు. మనుషుల్ని యుద్ధానికి పంపి వైట్‌హౌస్ పచ్చికలోకి గొర్రెల మందని తోలించాడు. అవి గడ్డి మేశాయి, వాటి ఉన్ని వేలం వేస్తే రెడ్‌క్రాస్‌కి 50 వేల డాలర్ల పైన వచ్చింది. అమెరికాలో లాన్ మీద నికరంగా రాబడి కనబడిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. రావుగారి బోర్డు ముందు గొర్రె ప్రస్తావన తెచ్చి చూడండి.

నీళ్ళ లెక్క చూద్దాం. ముందూ వెనకా కలిపి ఐదు వేల చదరపు అడుగుల గడ్డి అనుకోండి. వేసవిలో వారానికి ఒక అంగుళం తడి అంటే 11,800 లీటర్లు. హైదరాబాద్‌లో వీధిలోకొచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు పోసినా చాలదు. ఆ ట్యాంకర్ కోసం కూకట్‌పల్లిలో అత్తగారు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పోట్లాడుతుంటే, ఇక్కడ అల్లుడు తెల్లవారుజామున గరికకి స్నానం చేయిస్తుంటాడు. అదైనా సరిగ్గా చేయిస్తాడా? రోజూ పది నిమిషాలు. పైపైన తడిసిన నేలలో వేరు పైపైనే ఉంటుంది. రెండు రోజులు తప్పితే సొమ్మసిల్లుతుంది. రేగడి నీళ్ళని తొందరగా తాగదు, అరగంట ఏకంగా వదిలితే సగం రోడ్డెక్కుతుంది. కాసేపు వదిలి, ఇంకనిచ్చి, మళ్ళీ వదలాలి. వారానికి ఒకటి రెండుసార్లు, లోతుగా. డాలస్ నగరంలోనైతే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా స్ప్రింక్లర్లు తిప్పకూడదని ఆంక్ష. అమెరికాలో ఇళ్ళకి వాడే నీళ్ళలో మూడో వంతు దాకా ఇలా వాకిళ్ళకే పోతోంది. చలికాలం గరిక ఎండుగడ్డి రంగుకి తిరిగితే ప్రాణం కాస్త తెరిపిన పడాలి కదా. పడదు. పక్కిళ్ళు పచ్చగా ఉన్నాయని పైన రై గడ్డి విత్తనం చల్లి, డిసెంబరులో కూడా కోత పెట్టుకునేవాళ్ళున్నారు. ఇంకా శ్రీమంతులు పచ్చరంగు వేయిస్తారు.

కలుపు దగ్గర మనవాడి చదువు పూర్తిగా బయటపడుతుంది. డ్రైవ్‌వే అంచున సిమెంటు సందులో దట్టంగా మొలిచిన ఆకు చూసి తల్లి మొహం విప్పారింది. గంగవాయిలి కూర! పప్పులో వేస్తే వేరే కూరక్కర్లేదు. కొంగులో కోసుకుంటుంటే కొడుకు పరుగెత్తుకొచ్చాడు: "అమ్మా, ముట్టుకోకు, నిన్ననే స్ప్రే కొట్టించా." ఆ సాయంత్రమే ఇండియన్ స్టోరులో అదే ఆకు కట్ట కొన్నారు. అవతల మూల నిగనిగలాడుతూ గరికని దాటి లేచింది తుంగ. దాన్ని పీకితే అడుగున గడ్డలు మిగిలి ఇంకో నాలుగు మొలుస్తాయని పొలం గట్టున పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మనవాడు పీకాడు. ఇక క్లోవర్ సంగతి. గాలిలోని నత్రజనిని నేలకి దింపే ఆ చిన్న మూడాకుల మొక్కని ఒకప్పుడు లాన్ విత్తనాలతో కలిపే అమ్మేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 2,4-డి కలుపుమందు వచ్చింది. అది వెడల్పాకుల్ని చంపుతుంది, గడ్డిని వదిలేస్తుంది. మందు క్లోవర్‌నీ చంపేసింది గనక క్లోవర్‌ని కలుపు మొక్కల జాబితాలో చేర్చారు. ఊరికే ఎరువు పోసే మొక్క పోయింది, ఎరువు బస్తా మిగిలింది.

ఇంత పడలేక చాలామంది కోతని గుత్తకిచ్చేస్తారు. మంగళవారం ఉదయం ట్రైలరొకటి వచ్చి ఆగుతుంది. ముగ్గురో నలుగురో దిగుతారు, పావుగంటలో పని ముగిస్తారు. నలభై ఇళ్ళకి ఒకటే ఎత్తు. నిన్న తుంగ ఉన్న వాకిట్లో తిరిగిన బ్లేడే ఇవాళ మీ వాకిట్లో. తర్వాత ఒకడు గడ్డి అంచులకి తీగ తిప్పుతాడు. ఆ తీగ యంత్రం టెక్సాస్ బిడ్డే. 1971లో హ్యూస్టన్‌లో డాన్స్ స్కూళ్ళు నడిపిన జార్జ్ బాలస్ కార్ల వాష్‌లో తిరిగే బ్రష్షులు చూసి, ఖాళీ డబ్బాకి చేపల గాలం తీగ కట్టి తిప్పాడు. గడ్డి అంచులు బాగుపడ్డాయి. కానీ అదే తీగ తగిలి వీధి వీధినా ఉన్న క్రేప్ మర్టిల్ చెట్ల మొదళ్ళలో బెరడు చుట్టూ తెగి, చెట్టు ఎందుకెండిందో తెలియక యజమాని మళ్ళీ ఎరువు బస్తాకి వెళ్తాడు. ఆఖర్న బ్లోయర్. పక్కింటి వైపు దుమ్ము తోలి, బండెక్కి వెళ్ళిపోతారు.

ఆ దిగిన వాళ్ళ మొహం మనవాడు ఒక్కసారన్నా చూడడు. టీమ్స్ మీటింగులో ఉంటాడు. వ్యవసాయేతర తాత్కాలిక కూలీలకి అమెరికా ఇచ్చే హెచ్-2బి వీసాలు ఏడాదికి 66 వేలు. అవి ఎక్కువగా పోయేది లాన్లు, తోటల పనికే. మనవాళ్ళు క్యూ కట్టే హెచ్-1బి 65 వేలు, పైచదువులు చదివినవాళ్ళకి ఇంకో 20 వేలు. అంటే ఒక వీసా కిటికీ లోపల కూర్చుని ఏడుస్తుంటే, ఇంకో వీసా కిటికీ బయట దాని గడ్డి కోస్తోంది. లోపలివాడు బయటివాణ్ణి చూపించి పిల్లలకి చెబుతాడు: "చదువుకోకపోతే అలా గడ్డి కోసుకోవాలి." పిల్లలు తెలివైనవాళ్ళు. శనివారం నాన్న ఏం చేస్తాడో వాళ్ళకి తెలుసు.

పెరట్లోకి వెళ్ళి చూస్తే మాత్రం ఈ కామందే వేరే మనిషి. చెక్కకంచె అవతల ఎవరికీ కనబడని ఆ మూడు సెంట్లలో సొరపందిరి ఉంటుంది, గోంగూర మడి ఉంటుంది, కుండీలో కరివేపాకు ఉంటుంది, చలికాలం దాన్ని గ్యారేజీలో పెట్టి దుప్పటి కప్పుతారు. అక్కడ వంగుతాడు. చేత్తో మట్టి పిసికి తడి చూస్తాడు. పురుగు పట్టిన ఆకుని తిరగేసి చూస్తాడు. కోసిన గడ్డి కాస్త తెచ్చి వంగమొక్కల మొదట్లో పరవమని తండ్రి చెబితే పరుస్తాడు కూడా. వచ్చిన పని రానట్టు నటించాల్సింది వీధివైపే.

వీధివైపు కూడా గడ్డి పీకెయ్యాలంటే దారుంది. తక్కువ నీళ్ళతో బతికే మొక్కలు పెట్టుకుంటామంటే హెచ్ఓఏలు అడ్డు చెప్పడానికి వీల్లేదని టెక్సాస్ శాసనసభ 2013లో చట్టం చేసింది. నమూనా గీసి బోర్డుకి చూపించాలి, అంతే. లాంటానా, సాల్వియా, నాలుగు రాళ్ళు, కింద చెక్కపొట్టు. శనివారాలు మిగులుతాయి. నిరుడు ఓ కుర్రవాడు, వరంగల్ నుంచి వచ్చి రెండేళ్ళయింది, ఆ నమూనా గీసుకుని రావుగారింటికి వెళ్ళాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కాఫీ ఇప్పించారు. చట్టం ఉన్న మాట ఆయనకీ తెలుసు, కాదనలేదు. కాగితం మడిచి చేతిలో పెడుతూ, కిటికీలోంచి ఆ కుర్రవాడి ఇంటివైపు చూసి అన్నారు:

"చేసుకోవచ్చు తమ్ముడూ, రూల్స్ ఒప్పుకుంటాయి. కాని రేపు అమ్మాలంటే కొనేది మళ్ళీ మనవాడే గదా. వాడొచ్చి ముందు లాన్ ఏదని అడుగుతాడు."